సోడియం పెట్టె

లిథియం బ్యాటరీ మీద నాకు మొదట్నుంచీ గురి లేదు. ఫోనులో ఉంటే ఉండనీ. మనిషి పడుకునే గదిలో, మంచం పక్కన, పెట్టెడు లిథియం పెట్టుకోమంటే మాత్రం నాకు నిద్ర పట్టదు. అందులోనూ నెమ్మదైన రకం ఒకటుందని, అది అంత తొందరగా అంటుకోదని మా అన్నయ్య పక్కింటి దుర్గారావు వాదిస్తాడు. నిజమే, నేనూ చదివాను. అయినా సోడియమే నయమంటాను. బరువెక్కువే, చోటూ ఎక్కువే. ఇంట్లో ఓ మూల కూర్చునే వస్తువుకు బరువుంటే ఏం? ఎండకు అంత తేలిగ్గా అలగదు. అడుగంటేదాకా వాడుకున్నా చచ్చిపోదు. దుర్గారావుది వాదనే గానీ ఇంతవరకూ ఏ బ్యాటరీ కొన్నవాడు కాదు.

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. తర్వాతదంతా బైబిలు, పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు, మా ఆయన తెచ్చిన పాత వారపత్రికలు, ఇప్పుడు ఫోను. పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లో నేనుండే గదికి కిటికీ పైన ఒక సోలార్ ప్యానెల్, కిటికీలో అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఉన్నాయి. దానికి ఫ్యాను లేదు. ఫ్యాను లేని కంప్యూటరే కంప్యూటరని నా అభిప్రాయం. ఫ్యానంటూ ఉంటే ఉప్పుగాలిని లోపలికి పీలుస్తుంది, నాలుగు వానలు పడేసరికి లోపలి రాగి పచ్చబడుతుంది. దుర్గారావు ఈమధ్య వాళ్ళమ్మాయి దీపికకు ఏఐ లాప్‌టాప్ కొన్నాడు. ఇందులో ఆలోచించడానికి వేరే చిప్పుందని కొట్టువాడు చెప్పాడట. "అది ఆలోచిస్తుందో లేదో గానీ తింటుంది" అన్నాను. కొత్త చిప్పు వచ్చినప్పుడల్లా ఎంత వేగమో పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఎంత కరెంటు తింటుందో అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు. ఓడలో డీజిలు వస్తే గానీ దీపం వెలగని చోట బతికేవాళ్ళం, మేం అడుగు నుంచి చదువుకోవాలి. ఇక ద్రవం లేని గట్టి బ్యాటరీ సంగతి. వస్తోంది, ఇదిగో వస్తోంది అని ఏళ్ళుగా రాస్తున్నారు. ప్రభువు రాకడ లాంటిదే అదీ. ఆ గడియ ఎవరికీ తెలియదు. నమ్ముతాను. ఈలోగా సోడియం కొనుక్కుంటాను.

సంఘంలో నవ్వుతారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మంలో ఆపి, "దయావతమ్మా, మా ఇన్వర్టర్ కీచుమంటోంది. ప్రార్థన చెయ్యాలా, నీళ్ళు పొయ్యాలా?" అంటారు. ముందు నీళ్ళు పొయ్యమంటాను.

ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. మా ఆయన దక్షిణాన హట్ బే రేవులో పనిచేసే రోజుల్లో ఒక క్రిస్మస్ సాయంత్రం ఫోను చేశాడు. కేకు ఎవరెవరికి పంచానో చెబుతున్నాను. "అది సరే గానీ..." అని ఆయన ఏదో అడగబోతుండగా కరెంటు పోయి లైను తెగింది. మళ్ళీ చేస్తాడులే అని కూర్చున్నాను. తెల్లారి భూమి ఊగింది, వెనకాలే సముద్రం వచ్చింది. ఏమడగబోయాడో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. అంతకుముందు అమ్మను, అక్కను ఒకరి తర్వాత ఒకరిని హాడో జెట్టీలో మెయిన్‌లాండ్ ఓడెక్కించాను. వాళ్ళు ఈ గట్టున మళ్ళీ దిగలేదు. నాకు మిగిలినవాడు అన్నయ్య ఒక్కడు.

అన్నయ్య పేరు సత్యవేదం. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. వదిన పోయాక తుష్నాబాద్ పల్లెలో ఒక్కడే ఉంటున్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయి ఇప్పుడు ఆక్సిజన్ మిషను మీద ఉన్నాడు. అది గదిలో గాలినే వడకట్టి ఆక్సిజన్ తీసి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. పగలూ రాత్రీ నడవాలి, నడవాలంటే కరెంటు కావాలి. తుష్నాబాద్‌లో కొమ్మ విరిగితే కరెంటు పోతుంది, విరక్కపోయినా పోతుంది. గది మూల ఒక సిలిండరుంది గానీ అది గండం గడవడానికే.

కూతురు టీనా వైజాగ్ నుంచి వచ్చి కూర్చుంది, నాన్నను తీసుకుపోతానని.

"మా అపార్టుమెంటుకు జనరేటరుందత్తా. లిఫ్టుంది. ఆసుపత్రి పక్క వీధే. ఇక్కడేముంది?"

ఇక్కడ నేనున్నాను అనాలని నోటిదాకా వచ్చింది. "బ్యాటరీ పెడతాను" అన్నాను.

రెండు సోడియం పెట్టెలు తెప్పించాను. రేకుల మీద ప్యానెళ్ళు బిగించాను. ఇన్వర్టర్ అమర్చి దాని లెక్కలన్నీ నేనే నొక్కి పెట్టాను. ఇంతలో లైను పనులున్నాయి, శనివారం పొద్దుట్నుంచి సాయంత్రం నాలుగు దాకా కరెంటుండదని కబురొచ్చింది.

"అయితే అదే పరీక్ష" అంది టీనా. "ఆ పూటంతా నీ పెట్టెలు మిషన్ని ఆగకుండా నడిపితే నాన్నిక్కడే ఉంటాడు. మధ్యలో ఆగిందా, నాతో వైజాగ్ వస్తాడు. సరేనా?"

"సరే" అన్నాను. అన్నయ్య మంచం మీంచి వింటూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఊపిరి కోసం ఆయన మాటలు దాచుకునే కాలం అది.

శనివారం మొదటి బస్సుకే వెళ్ళిపోయాను. దారి పొడుగునా ఆకాశం చూస్తూనే ఉన్నాను. ఎండుంటే దర్జాగా నడుస్తుంది, మబ్బు పడితే బొటాబొటి. మబ్బే పట్టి ఉంది. పైగా మా ఎండ గడియారానికి ముందు నడుస్తుంది. మెయిన్‌లాండ్ వాళ్ళు భోజనాలకు లేచే వేళకు ఇక్కడ అది దిగడం మొదలుపెడుతుంది. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే సోలార్ లెక్కలన్నీ వాళ్ళ మధ్యాహ్నానివి, మేం వాటిని ముందుకు జరిపి వేసుకోవాలి.

కరెంటు పోయింది. ఇన్వర్టర్ టిక్కుమని అందుకుంది. మిషను ఒక్క గుక్క కూడా తప్పలేదు.

"చూశావా?" అన్నాను.

"ఇప్పుడేగా మొదలైంది" అంది టీనా ఉల్లిపాయలు తరుగుతూ.

నేను కూర్చోలేకపోయాను. బయటికెళ్ళి మబ్బు చూడటం, లోపలికొచ్చి ఇన్వర్టర్ మీద ఎంత మిగిలిందో చెప్పే అంకె చూడటం, పెట్టెల మీద చెయ్యి పెట్టి వెచ్చబడ్డాయేమో చూడటం. అంకె మారకపోయినా మళ్ళీ చూడటం. "అత్తా, ఇల్లు అరిగిపోతుంది, కూర్చో" అంది టీనా. కూర్చుని లేచాను.

కాసేపటికి గుమ్మంలో కామమ్మ కనిపించింది. వెనకింట్లో ఉంటుంది, చేపలమ్ముతుంది. చేతిలో రెండు ఫోన్లు, ఒక చార్జింగ్ లైటు.

"దీదీ, మీకాడ కరెంటుందని ఇన్నాను. థోడా పెట్టుకుంటాను. మావోడు డింగీ మీదున్నాడు, ఫోన్ చేత్తాడు."

ఇది మా దీవుల్లో ఉన్నదే. తుఫాను తర్వాత ఎవరింట్లో కరెంటుంటే ఊళ్ళో ఫోన్లన్నీ ఆ ఇంటికే చేరతాయి. తెలుగువాళ్ళూ బెంగాలీలూ రాంచీవాళ్ళూ ఒకే ప్లగ్గు చుట్టూ కూర్చుంటారు. కాదనే నోరు ఎవరికీ ఉండదు. సముద్రంలో ఉన్న మనిషి ఫోను చేస్తాడంటే, ఆ మాట నా ముందు అన్నాక, ఇక నాకెక్కడుంటుంది?

"పెట్టుకో కామమ్మా" అన్నాను. ఫోను తినేది ఎంత, చీమ తిన్నంత. లెక్క కట్టుకునే ఒప్పుకున్నాను.

మధ్యాహ్నమయ్యేసరికి వరండా నిండా చీమలే. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో బోర్డు తగిలింది. ఎవరో చార్జింగ్ ఫ్యాను తెచ్చి మర్యాదగా ఫోన్ల వెనక దాచి పెట్టారు. "ఇదెవరిది?" అన్నాను. ఎవరిదీ కాదట. దానంతట అదే నడిచొచ్చిందట. తీసి పక్కన పెడితే అందరూ నవ్వారు. అన్నయ్య కూడా కిటికీలోంచి చూసి నవ్వాడు, నవ్వి దగ్గాడు.

అప్పుడొచ్చాడు దుర్గారావు. వెనకాల దీపిక, గుండెలకు హత్తుకున్న ఆ ఏఐ లాప్‌టాప్‌తో.

"దయావతిగారూ, అమ్మాయికి బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూ. ఇప్పుడే. దీని చార్జింగు అరపూట కూడా రావడం లేదు. మీరే చెప్పారుగా, తింటుందని."

"చెప్పాను. అయినా కొన్నారు."

"కొన్నాను. ఇప్పుడు తిట్టండి, పడతాను. తర్వాత ప్లగ్గివ్వండి."

దీపిక మొహం చూశాను. మంచి చుడీదారు వేసుకుంది, జడ బిగించి అల్లుకుంది. పెదవి కొరుక్కుంటోంది. "ఆంటీ, మధ్యలో కట్ అయితే వాళ్ళు మళ్ళీ పిలవరు. బస్, ఒక్క గంట" అంది.

టీనా వంటింట్లోంచి వచ్చి నా పక్కన నిలబడింది. మెల్లగా అంది. "అత్తా, అంకె చూసుకో. నీ పందెం నువ్వే తగలేసుకుంటున్నావు. నాకేం నష్టం లేదు. చెప్పలేదనకు."

అంకె చూశాను. మబ్బు వల్ల ప్యానెళ్ళ నుంచి వచ్చేది సన్నగా ఉంది. ఇంతవరకూ ఖర్చు నా లెక్కకు కొంచెం పైనే నడుస్తోంది. ఆ లాప్‌టాపూ, దాని ఇంటర్నెట్ డబ్బా రెండూ కలిస్తే నాలుగింటి దాకా లాగడం కష్టం. ఒక పక్క అన్నయ్య. ఇంకో పక్క మాట మధ్యలో తెగిపోతే మళ్ళీ పిలుపు రాదంటున్న పిల్ల. ఈ ఉద్యోగం వస్తే ఈ పిల్లా ఓడో విమానమో ఎక్కేదే. ఆ సంగతీ తట్టింది.

"లోపలి గదిలో కూర్చో. తలుపేసుకో. మిషను చప్పుడు వినపడకూడదు" అన్నాను. వైరు నేనే తగిలించాను.

ఆ గంటా నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల దీపిక ఇంగ్లీషులో ధారగా మాట్లాడుతోంది. ఒక మాటా అర్థం కాలేదు, తెగకుండా వస్తోందా లేదా అన్నదే విన్నాను. తెగలేదు. బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "హో గయా ఆంటీ" అంది. దుర్గారావు అక్కడితో ఊరుకోకుండా, "ఇదే లిథియమైతే ఇంకో రెండు గంటలు..." అన్నాడు. "మీ ఇంట్లో ఉన్న లిథియం తేకపోయారా?" అంది కామమ్మ. వరండా అంతా గొల్లుమంది.

నేను నవ్వలేకపోయాను. అంకె దిగుతోంది.

నాలుగైంది. కరెంటు రాలేదు. లైను మీద ఇంకా పని అవుతోందని ఎవరో ఫోనులో విని చెప్పారు. నేను వరండాలోకి వెళ్ళి ఫోన్లన్నీ పీకేశాను.  ఎవరివి వాళ్ళు తీసుకుని మెట్ల మీద కూర్చున్నారు, వెళ్ళలేదు. వాళ్ళకూ తెలుసు పందెం. చిన్న ఊరు.

ఉన్న ఆ కాస్త వెలుగూ చెట్ల వెనక్కి పోయింది. అప్పుడు ఇన్వర్టర్ అరవడం మొదలుపెట్టింది. అరిచి అరిచి టక్కున ఆగింది. దాంతో మిషనూ ఆగింది. పొద్దుట్నుంచి చెవుల్లో ఉన్న ఆ గుర్రుమనే చప్పుడు పోయేసరికి ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది.

టీనా తడబడలేదు. సిలిండరు తిప్పి, గొట్టం మార్చి, తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. "నెమ్మదిగా నాన్నా. నెమ్మదిగా." ఆ పని ఆమె చేతులు ఎంత చక్కగా చేశాయో అప్పుడు చూశాను. తర్వాత నా వైపు తిరిగింది. గెలిచిన మొహం కాదది.

"అయిపోయింది అత్తా."

"అవలేదు" అన్నాను. "పెట్టెల్లో ఇంకా ఉంది."

ఉంది. నాకు తెలుసు. సోడియం పెట్టెలో వోల్టేజీ మెట్లు దిగినట్టు అడుగు దాకా దిగుతూ పోతుంది. ఎక్కడ ఆపాలో ఇన్వర్టర్‌కు మనం చెప్పాలి. నేను చాలా పైమెట్టు దగ్గరే ఆపమని పెట్టాను. ఎందుకంటే భయం. బియ్యం డబ్బా అడుగు కనపడనివ్వడం నా చేతులకు అలవాటు లేదు. ఎప్పుడూ ఒక రెండు గ్లాసులు ఉండాలి, ఎవరొస్తారో, ఏమవుతుందో. సోడియానికి ఆ అవసరం లేదని నేనే అందరికీ చెబుతాను. నా చెయ్యి మాత్రం బియ్యం డబ్బా లెక్కే వేసింది.

వంగి మీటలు నొక్కాను. తొందరలో ఒకసారి తప్పు పడింది. మళ్ళీ నొక్కాను. ఇన్వర్టర్ టిక్కుమంది. మిషను గుర్రుమంది. మెట్ల మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు. "వాహ్ దీదీ" అని అరిచింది కామమ్మ.

అలా చీకటి పడేదాకా నడిచింది. వీధిలో దీపాలు వెలిగి, కరెంటొచ్చి, ఇన్వర్టర్ తనంతట తాను పక్కకు తప్పుకునే వేళకు కూడా పెట్టెల్లో కొంత మిగిలే ఉంది. జనం వెళ్ళిపోయారు.

"నడిచింది" అన్నాను.

"మధ్యలో ఆగింది" అంది టీనా.

"ఆగింది ఇన్వర్టర్. బ్యాటరీ కాదు. నేను పెట్టిన అంకె వల్ల ఆగింది. ఆ అంకె మార్చాను, ఇక ఆగదు. ఇంకో పెట్టె తెప్పిస్తాను. ఇన్వర్టర్ కూడా రెండోది పెడతాను, ఒకటాగితే ఒకటి అందుకునేలా. ఈసారి ఎవరి ఫోనూ పెట్టను..."

"నాన్న ఊపిరికి ఆ తేడా తెలుస్తుందా అత్తా, ఆగింది ఇన్వర్టరో బ్యాటరీయో?"

"నువ్వు పొద్దున్నుంచీ ఆగాలనే కోరుకున్నావు!"

"అవును, కోరుకున్నాను! నీ ఫోన్లు చూసి ఇంకా కోరుకున్నాను!"

"ఇద్దరూ ఆగండర్రా" అన్నాడు అన్నయ్య.

ఆగాం. ఆయన మాట్లాడటానికి గాలి కూడబెట్టుకున్నాడు. 

"నా ఊపిరి మీద ఇద్దరూ పందెం కాసుకున్నారు. బాగుంది. నువ్వెక్కడుంటావురా అని ఎవరైనా నన్నడిగారా?"

టీనా తల దించుకుంది. నేను "ఇందులో అడిగేదేముంది అన్నయ్యా, ఇది నీ ఇల్లు" అన్నాను.

"దయా. నాకు వైజాగ్ వెళ్ళాలనే ఉంది. వానలు మొదలవక ముందు నుంచీ." మళ్ళీ ఆగాడు. "పిల్లల్ని చూడాలి. దీనికి వంట రాదని వాళ్ళు ఫోనులో ఏడుస్తున్నారు. నా పిల్లకు వంట రాకపోవడం నాకు చూడాలనుంది."

"నాన్నా!" అంది టీనా, నవ్వూ ఏడుపూ కలిసి.

"మరి ముందే చెప్పకపోయావా?" అన్నాను. 

"చెబుదామనుకునేసరికి నువ్వు పెట్టెలు తెప్పించావు. తర్వాత ప్యానెళ్ళెక్కించావు. రేకు మీద నిలబడి ఈ వయసులో నువ్వు స్క్రూలు బిగిస్తుంటే, నేను వెళ్ళిపోతానే అని కిందనుంచి ఎలా చెప్పను? పెట్టె ఆగిపోతే ఆ మాట అదే చెబుతుంది, నేను చెప్పక్కర్లేదనుకున్నాను. అది కూడా నాకు సాయం చెయ్యలేదు. మళ్ళీ లేపి కూర్చోబెట్టావు."

 వెళ్ళద్దని ఒక్క మాట అంటే ఉండిపోతాడని నాకు తెలుసు. ఆయన అలాంటివాడు. ఆ మాట కోసం నా నోరు వెతుక్కుంటోంది. దానికి బదులు టీనాను అడిగాను.

"మీ అపార్టుమెంటు జనరేటరు, కరెంటు పోయాక ఎంతసేపటికి అందుకుంటుంది?"

"అదా... వెంటనే వస్తుందత్తా."

"వెంటనే అంటే ఎంత? దానంతట అదే వస్తుందా, ఎవరైనా వెయ్యాలా?"

టీనా నన్ను చూసింది. తెలియదని మొహంలోనే కనపడింది. ఫోను తీసి అక్కడి వాచ్‌మన్‌కు కలిపి, స్పీకరులో పెట్టింది. అవతల టీవీ చప్పుడు, ఆ మీదట ఒక గొంతు.

"జనరేటరామ్మా? నేను కిందకెళ్ళి తిప్పాలండి. పదీ పదిహేను నిమిషాలండి. రాత్రిళ్ళయితే లేవాలి గదండి. మొన్న డీజిలు లేక అసలు వెయ్యనే లేదండి, మీకు చెప్పలేదేటి?"

టీనా ఫోను పెట్టేసింది. చెవులు ఎర్రబడ్డాయి. అన్నయ్య ఆమెను చూసి, నన్ను చూశాడు. గెలిచే మాట అప్పుడు నా చేతిలో ఉంది. అది వాళ్ళిద్దరికీ తెలుసు. నేనేమంటానా అని చూస్తున్నారు. సిలిండరొకటి కొని పెట్టుకుంటానని అనడానికి కూడా టీనాకు నోరు రాలేదు.

నేను పెట్టెల దగ్గరకెళ్ళి కింద కూర్చున్నాను. వైర్లు ఎటునుంచి ఎటు వచ్చాయో చూశాను.

"ఆ పావుగంటకు వీటిలో ఒకటి చాలు" అన్నాను. "రెండూ పంపుతాను. ఇన్వర్టర్ కూడా. అంకె మార్చే ఉంది, ఇక ఎవరూ ముట్టుకోవద్దు. మీ ఇంట్లో ఎండ తగలని మూల ఏది?"

"హాల్లో, బీరువా పక్కన" అంది టీనా. వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. "విమానంలో ఎక్కనివ్వరత్తా ఇవి."

"ఎక్కనివ్వరు. ఓడలో వస్తాయి. ఓడ వైజాగ్ చేరాకే విమానం టిక్కెట్టు తియ్యి, ముందు కాదు. ఇవి అక్కడ గోడకు తగిలాక నాన్న బయల్దేరాలి. విమానంలోకి వేరే చిన్న మిషను కావాలి, బ్యాటరీతో నడిచేది. దారికి సరిపోయేంత కాదు, దానికి సగం ఎక్కువే ఉండాలి. అద్దెకిస్తారేమో కనుక్కో. దానిలో ఉండేది లిథియమే, ఏం చేస్తాం."

"లిథియం మీద కూర్చుని వెళ్ళమంటావా నన్ను?" అన్నాడు అన్నయ్య.

"కిటికీ పక్కన కూర్చో. కాలితే కనపడుతుంది."

ఆయన నవ్వాడు, దగ్గు రాలేదు. టీనా ఓడ ఎప్పుడుందో ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి, అయినా లేవబుద్ధి కాలేదు. ఇన్వర్టర్ అంకె వైపు చూడబోయి, అన్నయ్య మొహం వైపు చూశాను. గడ్డం మాసి ఉంది. పొద్దుట్నుంచి అలాగే ఉండుంటుంది.

"రేజరెక్కడుంది?" అన్నాను.